కుక్కలలో పిడుదుల ద్వారా సంక్రమించే ఎర్లికియోసిస్: వ్యాధి లక్షణాలు, ప్రయోగశాల పరిశీలనలు

డెల్టా వరి గ్రామాలలో సామూహిక ఎలుకల నిర్మూలన జరిగిన తరువాత విస్తరణ శాస్త్రవేత్తకు ఒక ఫిర్యాదు అప్పుడప్పుడూ ఎదురవుతుంది. "మా కుక్క ముక్కు వెంట రక్తం కారుతోందండి, మీరు పెట్టించిన మందే తిని ఉంటుంది" అని రైతు అంటాడు. ఈ వ్యాసకర్త సస్యశాస్త్ర విభాగానికి చెందినవాడు. నూకలు 96 పాళ్ళు, నూనె 2 పాళ్ళు, 0.25 శాతం బ్రోమోడయోలోన్ 2 పాళ్ళు కలిపి పొట్లాలు కట్టించి గట్ల మీది బొరియలలో పెట్టించినవాడు. కొన్ని సంవత్సరాల క్రితం అటువంటి ఫిర్యాదు వచ్చినప్పుడు అది నిజమేనని నమ్మి, ఒక రైతు ఇంటి కాపలా కుక్కకు ఆరు రోజుల పాటు విటమిన్-కె ఇప్పించడం జరిగింది. రక్తస్రావం ఆగలేదు. ఏడవ రోజున ఒక పశువైద్యుడు ఆ కుక్క చెవి మడత తిప్పి చూపించాడు. లోపల పిడుదులు గుత్తులుగా ఉన్నాయి. రక్త పరీక్షలో ఫలకికల సంఖ్య మైక్రోలీటరుకు 18 వేలు మాత్రమే ఉన్నది. సరియైన చికిత్స మొదలుపెట్టిన మూడవ రోజున ఆ కుక్క మరణించింది. ఆ ఆరు రోజులు వృథా చేసినవాడు ఈ వ్యాసకర్తే.

పశువైద్యం వ్యాసకర్త శాస్త్రం కాదు. చికిత్సా నిర్ణయం ఎల్లప్పుడూ పశువైద్యునిదే. అయినప్పటికీ, గ్రామంలో కుక్కకు జబ్బు చేసినప్పుడు రైతు మొదట అడిగేది ఆ రోజు ఊరికి వచ్చిన శాస్త్రవేత్తను; ఆయన ఏ విభాగం వాడన్నది రైతుకు అక్కరలేదు. అందువలన ఈ వ్యాధి ఎలా కనిపిస్తుంది, రక్తం ఏమి చెబుతుంది, ఏ పరీక్ష ఎప్పుడు పనికివస్తుంది అన్న విషయాలు విస్తరణ రంగంలోని వారందరికీ, విద్యార్థులకూ తెలిసి ఉండటం అవసరం.

వ్యాధికారకం

ఎర్లికియా కేనిస్ అనే సూక్ష్మజీవి రికెట్సియేలిస్ క్రమంలోని అనాప్లాస్మటేసి కుటుంబానికి చెందిన గ్రామ్ నెగటివ్ బాక్టీరియా. ఇది కణం వెలుపల స్వతంత్రంగా పెరగలేదు. శరీరాన్ని కాపాడవలసిన మోనోసైట్లలోనే ప్రవేశించి, కణద్రవ్యంలోని ఒక పొర సంచిలో విభజన చెంది, మల్బరీ పండును పోలిన గుచ్ఛంగా తయారవుతుంది. ఈ గుచ్ఛాన్నే 'మోరులా' అంటారు. మామూలు పోషక మాధ్యమాలపై దీనిని పెంచడం సాధ్యం కాదు. కనుక సాధారణ బాక్టీరియా కల్చర్ పరీక్షకు పంపిన నమూనాలో 'ఏమీ పెరగలేదు' అని నివేదిక వచ్చినంత మాత్రాన ఈ వ్యాధి లేదని అర్థం కాదు.

1935లో ఆల్జీరియాలోని పాస్చర్ సంస్థకు చెందిన డొనాషియన్, లెస్టొక్వార్ అనే శాస్త్రవేత్తలు పిడుదులు పట్టిన కుక్కలలో దీనిని మొదటిసారిగా గుర్తించి రికెట్సియా కేనిస్ అని పేరు పెట్టారు. 1945లో పాల్ ఎర్లిక్ పేరు మీదుగా ఎర్లికియా కేనిస్ అయినది. మన దేశంలో 1940ల దశకంలోనే మద్రాసు నుండి, 1950ల దశకం చివరలో హైదరాబాదు నుండి ఈ వ్యాధిని గురించిన నివేదికలు వెలువడ్డాయి. కనుక ఇది మనకు కొత్తగా దిగుమతి అయిన వ్యాధి కాదు. ప్రపంచం దృష్టి దీనిపై పడినది మాత్రం వియత్నాం యుద్ధకాలంలో. 1968-70 మధ్య అక్కడి అమెరికా సైనిక కుక్కలు సుమారు 200 నుండి 300 వరకు రక్తస్రావంతో మరణించాయి. వాటిలో అత్యధికం జర్మన్ షెపర్డ్ జాతివి. మూడు రకాల రక్తకణాలూ తగ్గిపోవడం వలన ఆ వ్యాధిని 'ఉష్ణమండల శునక పాన్సైటోపీనియా' అని పిలిచారు. కారణం ఎర్లికియా కేనిస్ అని ఆ తరువాత తేలింది.

పిడుదు పాత్ర

వ్యాధిని మోసేది గోధుమవర్ణపు కుక్క పిడుదు, అనగా రైపిసెఫాలస్ సాంగ్వినియస్. దీని ఉష్ణమండల వంశాన్ని ఇటీవల రైపిసెఫాలస్ లిన్నై అని వేరు చేశారు. లార్వా, నింఫ్, ప్రౌఢ దశలు మూడూ ప్రధానంగా కుక్క రక్తం మీదనే బతుకుతాయి. ఒక్కొక్క దశ రక్తం తాగిన తరువాత కుక్కను వదిలి కిందికి దిగుతుంది. సూక్ష్మజీవి లార్వా నుండి నింఫ్‌కు, నింఫ్ నుండి ప్రౌఢ పిడుదుకు సంక్రమిస్తుంది గాని తల్లి నుండి గుడ్డుకు సంక్రమించదు. పంట తెగుళ్ళ వాహకాలను చదివిన విద్యార్థులకు ఈ తేడా ప్రాముఖ్యం వెంటనే బోధపడుతుంది. అప్పుడే గుడ్డు నుండి వెలువడిన లార్వాలో సూక్ష్మజీవి ఉండదు. వ్యాధిగ్రస్తమైన కుక్క రక్తం తాగితేనే అది వాహకమవుతుంది. ఆ విధంగా వాహకమైన పిడుదు కుక్కను వదిలిన తరువాత కూడా ఐదు నెలలకు పైగా వ్యాధిని సంక్రమింపజేయగలదని ప్రయోగాలలో తేలింది. పిడుదు కుట్టిన కొద్ది గంటలలోనే సూక్ష్మజీవి లాలాజలంతో రక్తంలో చేరుతుంది. కాబట్టి 'సాయంత్రం ఏరి పారేద్దాం' అనుకున్న పిడుదు ఆ సాయంత్రానికే తన పని ముగించి ఉండవచ్చు.

చరిత్ర సేకరించేటప్పుడు ఒక విషయం మరువరాదు. వ్యాధి లక్షణాలు కనిపించే నాటికి కుక్క మీద పిడుదులు లేకపోవచ్చు. అవి ఈపాటికి గోడ పగుళ్ళలో, పాక దూలాల సందులలో ఉంటాయి. 'పిడుదులు లేవు' అన్న యజమాని మాటతో ఈ వ్యాధిని పక్కన పెట్టరాదు. 'గత రెండు మూడు నెలలలో ఎప్పుడైనా ఉండేవా' అని అడగాలి.

ఒకే వ్యాధి, మూడు దశలు

పిడుదు కుట్టిన 8 నుండి 20 రోజులలో తీవ్ర దశ మొదలై రెండు నుండి నాలుగు వారాలు ఉంటుంది. జ్వరం 39.5 నుండి 41 డిగ్రీల సెంటీగ్రేడు వరకు చేరుతుంది. కుక్క సహజ ఉష్ణోగ్రతే 38 నుండి 39.2 డిగ్రీలు కనుక చేతితో తాకి జ్వరాన్ని నిర్ణయించడం సరికాదు. కుక్క మేత మానివేస్తుంది, నీరసంగా ఒక మూల పడుకుంటుంది, కళ్ళ నుండి ముక్కు నుండి స్రావం కారుతుంది. దవడ కింద, భుజం ముందు, మోకాలి వెనుక ఉండే శోషరస గ్రంథులు ఉబ్బి చేతికి తగులుతాయి. ప్లీహం పెరుగుతుంది. కొన్నిటిలో పొట్ట అడుగుభాగపు చర్మం మీద, చిగుళ్ళ మీద ఆవగింజ ప్రమాణంలో ఎర్రటి చుక్కలు కనిపిస్తాయి. ఇవి చర్మం కింద జరిగిన సూక్ష్మ రక్తస్రావాలు. ముక్కు నుండి రక్తం కారడం అందరూ గుర్తించే లక్షణం. అయితే అన్ని కుక్కలలోనూ అది ఉండదు. అది లేదని వ్యాధి లేదనుకోవడం తరచుగా జరిగే పొరపాటు. కంటి లోపల వాపు, కంటి ముందు గదిలో రక్తం, హఠాత్తుగా చూపు పోవడం, తూలుతూ నడవడం కూడా అప్పుడప్పుడు కనిపిస్తాయి.

చికిత్స లేకున్నా చాలా కుక్కలు ఈ దశను దాటుతాయి. జ్వరం తగ్గుతుంది, మేత మొదలుపెడుతుంది, యజమాని సంతోషిస్తాడు. వాస్తవానికి సూక్ష్మజీవి పోలేదు. ప్లీహంలో దాగి ఉంటుంది. ఇది లక్షణాలు లేని నిగూఢ దశ. నెలలు గడచవచ్చు, సంవత్సరాలు గడచవచ్చు. ప్రయోగాత్మకంగా సోకించిన కుక్కలలో దాదాపు మూడేళ్ళ తరువాత ప్లీహపు నమూనాలో సూక్ష్మజీవి జన్యుపదార్థాన్ని కనుగొన్నారు. ఈ దశలో కొన్ని కుక్కలు తమంతట తామే సూక్ష్మజీవిని తొలగించుకోగలవు. మిగిలినవి బయటికి ఆరోగ్యంగా కనిపిస్తూనే వీధిలోని పిడుదులకు మూలంగా ఉండిపోతాయి.

ఏ కుక్కలు మూడవదైన దీర్ఘకాలిక దశలోకి ప్రవేశిస్తాయో ముందుగా చెప్పడం కష్టం. జర్మన్ షెపర్డ్ జాతిలో కణ సంబంధమైన రోగనిరోధక స్పందన బలహీనంగా ఉండటం వలన వ్యాధి తీవ్రత ఎక్కువ. ఈ దశలో ఎముక మజ్జ దెబ్బతింటుంది. కుక్క చిక్కిపోతుంది, చిగుళ్ళు పాలిపోతాయి, ముక్కు నుండి, మూత్రంలో, మలంలో రక్తం పోతుంది, వెనుక కాళ్ళలో వృషణ కోశంలో నీరు చేరుతుంది, ఇతర క్రిముల దాడి మొదలవుతుంది. పై ఉదాహరణలోని కుక్క ఈ దశలోనే మన కంటబడినదని ఇప్పుడు అర్థమవుతున్నది. దానికి జబ్బు వచ్చినది ఎలుకల మందు పెట్టిన వారంలో కాదు, బహుశా అంతకు అనేక నెలల ముందు.

రక్తం చెప్పే సంగతులు

ఈ వ్యాధిలో ప్రయోగశాలలో కనిపించే మార్పులన్నిటిలో స్థిరమైనది రక్తఫలకికల తగ్గుదల. వ్యాధిగ్రస్తమైన కుక్కలలో 90 శాతానికి పైగా ఇది కనిపిస్తుంది. సహజంగా మైక్రోలీటరుకు 2 నుండి 5 లక్షల వరకు ఉండవలసిన ఫలకికలు తీవ్ర దశలో లక్షకు, తరచుగా 50 వేలకు దిగువకు పడిపోతాయి. నిగూఢ దశలో పైకి ఏ లక్షణమూ లేకపోయినా స్వల్ప తగ్గుదల కొనసాగుతుంది. అందువలన వేరే కారణంగా చేసిన రక్త పరీక్షలో 1.2 లక్షల ఫలకికలు కనిపిస్తే దానిని చిన్న విషయమని వదిలివేయరాదు.

తగ్గడానికి కారణాలు ఒకటి కావు. ఫలకిక సహజ ఆయుష్షు సుమారు తొమ్మిది రోజులు. సూక్ష్మజీవి సోకిన రెండు నుండి నాలుగు రోజులలోనే అది నాలుగు రోజులకు కుదించుకుపోతుందని రేడియోధార్మిక గుర్తులతో చేసిన ప్రయోగాలు చూపించాయి. రక్తనాళాల వాపు వలన ఫలకికలు ఖర్చవుతాయి, పెరిగిన ప్లీహం వాటిని పట్టి ఉంచుతుంది, శరీరమే వాటికి వ్యతిరేకంగా ప్రతిరక్షకాలను తయారు చేస్తుంది. ఇవన్నీ ఉత్పత్తి సరిగా ఉండగానే జరిగే నష్టాలు. దీర్ఘకాలిక దశలో మజ్జ ఎండిపోయి ఉత్పత్తి కూడా ఆగిపోతుంది. పంట భాషలో చెప్పాలంటే మొదటిది ఆకు రాలడం, రెండవది వేరు కుళ్ళడం. పైకి రెండింటిలోనూ ఒకటే వాడుదల. కోలుకునే అవకాశం మాత్రం ఒకటి కాదు.

మిగిలిన ఫలకికల పనితీరు కూడా దెబ్బతింటుంది. అందుచేత ఇతర వ్యాధులలో రక్తస్రావం జరగని సంఖ్య వద్ద కూడా ఈ వ్యాధిలో రక్తం కారవచ్చు.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. యంత్రం ఇచ్చిన ఫలకికల సంఖ్యను అలాగే నమ్మరాదు. రక్తం తీయడం ఆలస్యమైతే, ఇ.డి.టి.ఎ. గొట్టాన్ని వెంటనే మెల్లగా తిప్పి కలపకపోతే ఫలకికలు ముద్దలు కడతాయి. యంత్రం ఆ ముద్దలను లెక్కించదు. అప్పుడు ఆరోగ్యంగా ఉన్న కుక్కలో కూడా తక్కువ సంఖ్య వస్తుంది. కనుక స్లైడు మీద పలుచని రక్తపు పూత తీసి, దాని అంచులో ముద్దలు ఉన్నాయేమో మొదట చూడాలి. లేకపోతే నూనె కటకం కింద కనీసం పది క్షేత్రాలలో ఫలకికలను లెక్కించి, సగటును 15 వేలతో గుణించాలి. క్షేత్రానికి సగటున 2 కనిపిస్తే సుమారు 30 వేలు. 12 లేదా 13 కనిపిస్తే దాదాపు 2 లక్షలు. ఖరీదైన యంత్రం లేని చోట కూడా ఒక సూక్ష్మదర్శిని, కాస్త ఓపిక ఉంటే ఈ పని చేయవచ్చు. మన విద్యార్థులు బీజకణాలను లెక్కించే ఓపికలో సగం ఇక్కడ చాలు.

తీవ్ర దశలో తెల్ల రక్తకణాలు కొంత తగ్గుతాయి, రక్తహీనత స్వల్పంగా ఉంటుంది. ఆ రక్తహీనతలో ఎర్ర కణాల పరిమాణం, రంగు మామూలుగానే ఉండి, కొత్త కణాల ఉత్పత్తి జాడ మాత్రం ఉండదు. దీర్ఘకాలిక దశలో మూడు రకాల కణాలూ ఒకేసారి పడిపోవడం ముఖ్య చిహ్నం. రక్తంలో కణాల భాగం సహజంగా 37 నుండి 55 శాతం ఉండగా, 15 శాతానికి దిగువన చూడవలసిన పరిస్థితి కూడా వస్తుంది. కొన్ని కుక్కలలో దీనికి భిన్నంగా రేణువులు గల లింఫోసైట్లు పెరిగి రక్త కాన్సర్ అనే భ్రమ కలిగిస్తాయి.

సీరంలో ఆల్బుమిన్ తగ్గుతుంది, గ్లోబ్యులిన్ పెరుగుతుంది. శరీరం ప్రతిరక్షకాలను విపరీతంగా ఉత్పత్తి చేయడం దీనికి కారణం. ఆ ప్రతిరక్షకాలు కుక్కను కాపాడవు. కొన్ని సందర్భాలలో మూత్రపిండాలలో, రక్తనాళాలలో పేరుకొని హాని చేస్తాయి. అందుకే మూత్రంలో ప్రొటీన్ కనిపిస్తుంది. కాలేయ ఎంజైములు స్వల్పంగా పెరగవచ్చు. ఫలకికలు తక్కువ, గ్లోబ్యులిన్ ఎక్కువ అన్న జంట ఒకే నివేదికలో కనిపిస్తే, మన ప్రాంతపు కుక్కలో మొదట తలవవలసినది ఎర్లికియోసిస్.

ఎలుకల మందా, పిడుదు జ్వరమా?

బ్రోమోడయోలోన్ వంటి మందులు విటమిన్-కె పునర్వినియోగాన్ని అడ్డుకుంటాయి. దాని ఫలితంగా కాలేయంలో తయారయ్యే 2, 7, 9, 10 సంఖ్యల గడ్డకట్టే కారకాలు పనికిరాకుండా పోతాయి. నిల్వ ఉన్న కారకాలు ఖర్చయ్యే వరకు ఏ లక్షణమూ ఉండదు. తిన్న మూడు నుండి ఐదు రోజులకు గాని రక్తస్రావం మొదలు కాదు. ఇక్కడ లోపం గడ్డకట్టే కారకాలలో, ఎర్లికియోసిస్‌లో లోపం ఫలకికలలో. ఈ తేడా కంటికి కూడా కొంత కనిపిస్తుంది. ఫలకికలు తగ్గినప్పుడు చర్మం మీద, చిగుళ్ళ మీద సన్నని ఎర్ర చుక్కలు వస్తాయి. కారకాలు తగ్గినప్పుడు అటువంటి చుక్కలు అరుదు. రక్తం ఛాతీలో, పొట్టలో, కీళ్ళలో పెద్ద మొత్తంలో చేరుతుంది. ఆయాసం, కుంటడం, చర్మం కింద పెద్ద గడ్డలు, సూది గుచ్చిన చోట ఆగని రక్తం దాని లక్షణాలు. ఎలుకల మందు తిన్న కుక్కకు మొదట్లో జ్వరం, శోషరస గ్రంథుల వాపు ఉండవు. ముక్కు నుండి రక్తం రెండింటిలోనూ వస్తుంది కనుక ఆ ఒక్క లక్షణం ఆధారంగా నిర్ణయించడమే అసలు తప్పు.

ప్రయోగశాలలో నిర్ణయం ఇంకా సులభం. ప్రోత్రాంబిన్ సమయం బాగా పెరిగి, ఫలకికలు మామూలుగా లేదా కొద్దిగా మాత్రమే తగ్గి ఉంటే ఎలుకల మందును అనుమానించాలి. ప్రోత్రాంబిన్ సమయం మామూలుగా ఉండి ఫలకికలు అడుగంటి ఉంటే ఆ అనుమానాన్ని వదిలివేయవచ్చు. ఆ సౌకర్యం లేని చోట పాముకాటు రోగులకు చేసే 20 నిమిషాల పరీక్ష కొంత సూచన ఇస్తుంది. శుభ్రమైన, పొడి గాజు గొట్టంలో రెండు మిల్లీలీటర్ల రక్తాన్ని కదపకుండా ఉంచితే, ఎలుకల మందు బాగా పనిచేసిన కుక్క రక్తం, రక్తపింజరి కాటుకు గురైన కుక్క రక్తం ద్రవంగానే మిగిలిపోతుంది. ఎర్లికియోసిస్ కుక్క రక్తం గడ్డ కడుతుంది. ఇది ముతక పరీక్షే. ఆ రోజున చేసి ఉంటే మాత్రం ఆరు రోజులు మిగిలేవి.

దీనిని బట్టి ఎలుకల మందు కుక్కలకు హానికరం కాదని ఎవరూ అనుకోరాదు. 0.005 శాతం ఎర 15 గ్రాముల పొట్లంలో ఉండే మందు 0.75 మిల్లీగ్రాములు, అది తక్కువే. అయితే పొట్లాల సంచిని నిర్లక్ష్యంగా వదిలినప్పుడు కుక్క తినేది ఒక పొట్లం కాదు. చచ్చిన ఎలుకలను రోజుల తరబడి తిన్నా మందు శరీరంలో పేరుకుంటుంది. ఎర తిన్నట్లు కంటితో చూసి ఉంటే, లక్షణాల కోసం ఎదురుచూడకుండా పశువైద్యుని వద్దకు తీసుకువెళ్ళాలి.

ఏ పరీక్ష ఎప్పుడు?

సూక్ష్మదర్శిని కింద మోనోసైట్‌లో మోరులా కనిపిస్తే నిర్ధారణ పూర్తయినట్లే. అయితే మామూలు రక్తపు పూతలో అది సుమారు 4 శాతం కుక్కలలో మాత్రమే కనిపిస్తుంది, అదీ తీవ్ర దశలోనే. తెల్లకణాల పొర అయిన బఫీ కోట్ నుండి, ఉబ్బిన శోషరస గ్రంథి నుండి తీసిన పూతలను కలిపి ఓపికగా వెతికితే తీవ్ర దశలో అవకాశం ఎన్నో రెట్లు పెరుగుతుంది. మోరులా కనిపించలేదన్న నివేదిక వ్యాధి లేదనడానికి ఏ విధంగానూ సాక్ష్యం కాదు. క్షేత్రస్థాయిలో జరిగే పొరపాట్లలో ఇదే పెద్దదని వ్యాసకర్త అభిప్రాయం.

ప్రతిరక్షకాలను గుర్తించే ఐ.ఎఫ్.ఎ. పరీక్షను చాలాకాలంగా ప్రామాణికంగా భావిస్తున్నారు. వ్యాధి సోకిన దాదాపు రెండు వారాలకు గాని ఐజిజి ప్రతిరక్షకాలు తగినంతగా కనిపించవు. కనుక జ్వరం మొదలైన తొలి రోజులలో ఈ పరీక్ష, క్లినిక్‌లో చేసే చిన్న కిట్లు కూడా, నెగటివ్ రావచ్చు. అటువంటప్పుడు ఒకటి రెండు వారాల తరువాత రెండవ నమూనా తీసి, ప్రతిరక్షకాల స్థాయి నాలుగు రెట్లు పెరిగితే ప్రస్తుత వ్యాధిగా నిర్ధారించాలి. దీనికి విరుద్ధమైన చిక్కు కూడా ఉన్నది. వ్యాధి పూర్తిగా నయమైన తరువాత కూడా ప్రతిరక్షకాలు నెలలు, సంవత్సరాలు నిలిచి ఉంటాయి. పిడుదులు విరివిగా ఉన్న ఊరిలో ఆరోగ్యంగా ఉన్న కుక్క కూడా పాజిటివ్ కావచ్చు. పాజిటివ్ అంటే సూక్ష్మజీవి ఒకప్పుడు ప్రవేశించింది అని మాత్రమే. నేటి జబ్బుకు అదే కారణమని చెప్పడానికి లక్షణాలు, ఫలకికల సంఖ్య తోడు రావాలి.

పి.సి.ఆర్. పరీక్ష సూక్ష్మజీవి జన్యుపదార్థాన్నే గుర్తిస్తుంది కనుక ప్రతిరక్షకాలు పుట్టక ముందే, సోకిన 4 నుండి 10 రోజులలో పాజిటివ్ కావచ్చు. తీవ్ర దశకు ఇది మేలైన పరీక్ష. నిగూఢ దశలో సూక్ష్మజీవి రక్తంలో అరుదుగా తిరుగుతుంది కనుక రక్తం నెగటివ్‌గా ఉండి ప్లీహం పాజిటివ్‌గా ఉండవచ్చు. ఒక్క మాత్ర డాక్సీసైక్లిన్ ఇచ్చిన తరువాత తీసిన నమూనాపై కూడా పూర్తి విశ్వాసం ఉంచలేము. మందు మొదలుపెట్టక ముందే రక్తం తీయాలన్న నియమం ఇక్కడి నుండే వచ్చింది.

ఇదే పిడుదు బబేసియా వోగెలీ, హెపటోజూన్ కేనిస్ వంటి ప్రోటోజోవా జీవులను కూడా మోస్తుంది. ఫలకికలపైనే దాడి చేసే అనాప్లాస్మా ప్లాటిస్ కూడా దీని ద్వారానే సంక్రమిస్తుందని భావిస్తున్నారు. మూత్రం కాఫీ రంగులో ఉండి, రక్తహీనతతో పాటు కొత్త ఎర్ర కణాలు విరివిగా కనిపిస్తే బబేసియా తోడై ఉన్నదని అనుమానించాలి. ఒక సూక్ష్మజీవి దొరికిందని రెండవదాని కోసం వెతకడం మానకూడదు. సరియైన మందు ఇచ్చినా కోలుకోని కుక్కలలో కొన్నిటికి కారణం ఇదే.

చికిత్సకు స్పందన

డాక్సీసైక్లిన్ రోజుకు కిలో బరువుకు 10 మిల్లీగ్రాముల చొప్పున 28 రోజులు ఇవ్వడం సాధారణంగా అంగీకరించిన పద్ధతి. తీవ్ర దశలో 24 నుండి 48 గంటలలో జ్వరం తగ్గి మేత మొదలవుతుంది. ఫలకికలు రెండు వారాలలో సహజ స్థాయికి చేరుతాయి. ఈ స్పందనే ఒక విధమైన నిర్ధారణ పరీక్ష. మూడవ రోజుకు కుక్క లేచి తిరగడం చూసి మందు ఆపివేయడం యజమానులు చేసే తప్పు. మాత్రను పాలలో కలిపి పోస్తే శోషణ తగ్గవచ్చు కనుక అన్నంలో పెట్టి ఇవ్వడం మేలు. మజ్జ ఎండిపోయిన దీర్ఘకాలిక దశలో ఇదే మందు ఇదే మోతాదులో ఇచ్చినా ఫలితం అనిశ్చితం, తరచుగా నిరాశాజనకం. రక్తం ఎక్కించవలసి వస్తుంది. మందు ఖరీదైనది కాదు, దొరకనిదీ కాదు. దొరకనిది కాలమే.

పిడుదుల అదుపు

కుక్క మీద కనిపించే పిడుదులు మొత్తంలో కొద్ది భాగం మాత్రమే. కడుపునిండా తాగిన ఆడపిడుదు గోడలెక్కి పగుళ్ళలో వేల గుడ్లు పెడుతుంది. కనుక పశువైద్యుడు సూచించిన మందు కుక్కకు వాడటంతో పాటు, అది పడుకునే చోట పగుళ్ళు పూడ్చడం, సున్నం వేయడం, పాత గోనె సంచులు తగులబెట్టడం కూడా జరగాలి. పిడుదులను చేతి గోళ్ళతో నలపరాదు. సస్యశాస్త్రవేత్తగా ఒక విషయం గట్టిగా చెప్పవలసి ఉన్నది. పంటకు చల్లగా డబ్బాలో మిగిలిన పురుగుమందును నీళ్ళలో కలిపి కుక్కలకు పూసే అలవాటు కొన్ని గ్రామాలలో ఉన్నది. ఆర్గానోఫాస్ఫరస్ మందులు చర్మం గుండా లోపలికి పోతాయి. ఆ కుక్క చొంగ కార్చుకుంటూ, వణుకుతూ చనిపోతే దానికి పిడుదు కారణం కాదు, మనం కొనిపించిన డబ్బాయే కారణం.

ఎర్లికియా కేనిస్ మనుషులకు సోకిన సందర్భాలు వెనిజులాలో నమోదయ్యాయి. కుక్కను తాకినంత మాత్రాన అది రాదు, పిడుదు కుట్టాలి.

నమూనా పంపేవారికి

మందు ఇవ్వక ముందు రెండు గొట్టాలలో రక్తం తీయించాలి. ఇ.డి.టి.ఎ. గొట్టం కణాల లెక్కకు, పి.సి.ఆర్.కు, సాదా గొట్టం సీరం పరీక్షలకు. ప్రోత్రాంబిన్ సమయం కావాలంటే సిట్రేట్ గొట్టం వేరుగా ఉండాలి. అక్కడికక్కడే రెండు స్లైడుల మీద పలుచని పూత తీసి గాలికి ఆరబెట్టి మిథనాల్‌లో ముంచి తీయాలి. రక్తం గొట్టంలో గంటలు గడచిన తరువాత తీసిన పూతలో కణాల రూపం మారిపోతుంది. నమూనాలను మంచు పెట్టెలో పంపాలి, గడ్డకట్టనీయరాదు. వెంట పంపే చీటీలో కుక్క వయసు, జాతి, జ్వరం ఎన్ని రోజుల నుండి, పిడుదులు చివరిసారి ఎప్పుడు కనిపించాయి, ఇంతవరకు ఇచ్చిన మందులు ఏవి, ఊరిలో ఎలుకల మందు పెట్టిన తేదీ ఏది అన్న వివరాలు తప్పక రాయాలి. ఆ చివరి తేదీని, జ్వరం మొదలైన తేదీని పక్కపక్కన పెట్టి చూస్తే, ప్రయోగశాల నివేదిక రాక ముందే చాలాసార్లు సగం జవాబు దొరుకుతుంది.